నారాయణపేట కాటన్ ఫ్రాక్‌కి వేసిన చైన్ అలలు తిరుగుతోంది, ఏ రకం వేయాలి?

చెల్లెమ్మా, మీరు రెండు అడిగారు. నారాయణపేట కాటన్ చీరతో పాపకు లాంగ్ ఫ్రాక్ కుట్టి వెనక కన్సీల్డ్ జిప్ (బయటికి పళ్లు కనిపించనిది) వేస్తే, మొదటి ఉతుకుకే అది పొడవునా అలలు తిరిగింది. మీ కుర్తాకి రోల్ నుంచి కోయించి తెచ్చి వేసిన జిప్ ఏమో వేసుకున్న కాసేపటికే కిందికి జారిపోతోంది. నేను మహబూబ్‌నగర్‌లో 19 ఏళ్లుగా ఆడవాళ్ల బట్టలు, పిల్లల బట్టలు కుడుతున్నాను. ఈ రెండూ నా చేతి మీదుగా జరిగినవే. మన దగ్గర జిప్‌ను చైన్ అనే అంటాం కాబట్టి నేనూ అలాగే రాస్తాను.

ఫ్రాక్ సంగతిలో తప్పు మీ కుట్టుది కాదు. చేనేత కాటన్ మొదటిసారి తడిసినప్పుడు కుంచించుకుపోతుంది. చైన్ పట్టీ, అంటే పళ్లు ఉండే గుడ్డ పట్టీ, మామూలుగా పాలిస్టర్‌ది, అది అలాగే ఉంటుంది. 15 అంగుళాల చైన్ పక్కన బట్ట అర అంగుళం తగ్గిందనుకోండి, ఆ అర అంగుళం పట్టీకి చోటు ఉండదు. అందుకే లేచి వంకర్లు పోతుంది.

నాకు ఇది తెలిసింది షాపు పెట్టిన రెండో ఏడు. ఒక టీచరమ్మ చీర తెచ్చి, ఇద్దరు ఆడపిల్లలకు దసరాకి ఒకేలాంటి ఫ్రాకులు కుట్టమన్నది. పండుగ అయిన వారానికి రెండూ ఉతికి ఇస్త్రీ చేసి పట్టుకొచ్చి, "చెల్లె, ఒకసారి చూడు" అని బల్ల మీద పెట్టింది. ఒక్క మాట కూడా గట్టిగా అనలేదు. నాకైతే తల కొట్టేసినట్టయింది. ఆ రాత్రి రెండూ విప్పి మళ్లీ కుట్టాను, డబ్బులు తీసుకోలేదు. అప్పటి నుంచి కాటన్ ఏదైనా సరే, తడిపి, నీడలో ఆరేసి, ఇస్త్రీ చేశాకే కత్తెర పెడతాను. అంచు రంగు దిగుతుందేమో ముందు ఒక మూల తడిపి చూసుకోండి.

అదొక్కటే కాదు. చేనేత బట్ట నేత కాస్త వదులుగా ఉంటుంది, చైన్ పక్కన లాగుడు పడితే పోగులు జరుగుతాయి. కాబట్టి అర అంగుళం కాకుండా ఒక అంగుళం లోపలి మార్జిన్ పెట్టండి. చైన్ వచ్చే చోట లోపల సన్నటి పేస్టింగ్ పట్టీ (ఇస్త్రీ వేడికి బట్టకు అతుక్కునేది) అతికించండి. కుట్టేటప్పుడు బట్టను సాగదీయొద్దు. కచ్చా కుట్టు వేసుకుని, రెండు వైపులా పై నుంచి కిందికే కుట్టండి. ఒకటి పైకి, ఒకటి కిందికి కుడితే నడుము దగ్గర అతుకు కలవదు.

కన్సీల్డ్ చైన్‌లో పళ్లు లోపలి వైపు చుట్టుకుని ఉంటాయి. పట్టీని తెరిచి, తక్కువ వేడి మీద లోపలి వైపు నుంచి ఇస్త్రీ చేసి ఆ పళ్లను లేపితే, సూది వాటి పక్కనే పోతుంది. వేడి ఎక్కువైతే నైలాన్ పళ్లు కరుగుతాయి, అది జాగ్రత్త. మెషిన్‌కి ఉండే మామూలు పాదంతో (సూది దగ్గర బట్టను నొక్కిపట్టేది) కుట్టొద్దు. అడుగున రెండు గాడులు ఉండే కన్సీల్డ్ పాదం విడిగా దొరుకుతుంది, కొనుక్కోండి. చైన్ కూడా ఓపెనింగ్ కన్నా కనీసం ఒక అంగుళం పొడుగు ఉండాలి, ఎందుకంటే రన్నర్ (చైన్‌ను తెరిచి మూసే ముక్క) అడ్డు వచ్చి చివరి దాకా కుట్టలేం. ముందు చైన్ వేసి, ఆ తర్వాతే కింది జాయింట్ కుట్టాలి. చాలామంది తిప్పి చేస్తారు, అక్కడే ముడత వస్తుంది.

ఒక మాట మాత్రం గట్టిగా చెబుతాను. ఒంటికి బిగుతుగా పట్టే పట్టు బ్లౌజుకు సైడున కన్సీల్డ్ చైన్ వేయమంటే నేను ఒప్పుకోను. ఒక పెళ్లిలో తలంబ్రాల ముందు నేను కుట్టిన బ్లౌజు చైన్ విచ్చుకుంది. ఆ అమ్మాయి పిన్నీసులతో గడిపింది. ఆ సన్నటి చైన్ అంత లాగుడుకు తట్టుకోదు. బిగుతు బ్లౌజుకు హుక్కులే నయం. చైనే కావాలంటే మామూలు నైలాన్ చైన్ వేసి, పైన ఒక హుక్కు పెట్టండి. లాగుడు ముందు ఆ హుక్కు మీద పడాలి.

ఇక జారిపోయే కుర్తా చైన్. షాపులో 3 నంబర్, 5 నంబర్ అంటారు కదా, అది మూసినప్పుడు పళ్ల వరుస వెడల్పు, సుమారు మిల్లీమీటర్లలో. కుర్తాకి, లంగాకి 3 చాలు. 5 బ్యాగులకు, జాకెట్లకు. మీరు నంబర్ సరిగ్గానే తెచ్చి ఉంటారు, తేడా రన్నర్‌లో ఉంది. బ్యాగుల కోసం అమ్మే రోల్ చైన్‌కి లాక్ లేని రన్నర్ ఇస్తారు, ఎక్కడైనా సులభంగా జరగాలని. బట్టలకు లాక్ రన్నర్ కావాలి. దాంట్లో చిన్న ముల్లు ఉంటుంది, లాగే పిడి వదిలేస్తే అది పళ్ల మధ్యకు దిగి పట్టుకుంటుంది. షాపులోనే పిడిని వదిలేసి, రెండు పట్టీలను పక్కలకు లాగి చూడండి. రన్నర్ జారితే లాక్ లేనట్టే. మీ కుర్తాకి చైన్ మొత్తం మార్చాల్సిన పని లేదు, అదే నంబర్ లాక్ రన్నర్ ఎక్కించుకుంటే సరిపోతుంది.

పైకి లాగాక రన్నర్ వెనక చైన్ విచ్చుకుంటోందని మా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమందికి పోయింది కూడా రన్నరే. రెండు వరుసలను ఒకే దారిలోకి నెట్టి కలిపేది అదే. 1913లో అమెరికాలో గిడియన్ సండ్‌బాక్ తయారుచేసిన పద్ధతి ఇప్పటికీ అదే నడుస్తోంది. వాడేకొద్దీ రన్నర్ నోరు తెరుచుకుని పళ్లను నొక్కలేకపోతుంది. చైన్‌ను పూర్తిగా తెరిచి, కటింగ్ ప్లేయర్‌తో రన్నర్ వెనక అంచును రెండు పక్కలా సమంగా, కొద్దికొద్దిగా నొక్కండి. ఒకేసారి గట్టిగా నొక్కితే విరుగుతుంది. నైలాన్ చైన్ మధ్యలో విచ్చుకుంటే రన్నర్‌ను కిందికి తెచ్చి మళ్లీ పైకి లాగితే చాలాసార్లు కలుస్తుంది. మెటల్ చైన్ పన్ను ఒకటి ఊడితే మాత్రం ఆ సుఖం లేదు.

మెటల్ చైన్ జీన్స్‌కి, గట్టి ప్యాంట్లకి మంచిది, పట్టుకి, పల్చటి కాటన్‌కి వద్దు. బిగుసుకుంటే కొవ్వొత్తి రుద్దండి. స్వెటర్లకి, జాకెట్లకి కింద పూర్తిగా విడిపోయే ఓపెన్ చైన్ అని అడిగి తీసుకోండి, మామూలుది తెచ్చి కత్తిరించొద్దు.

పాప ఫ్రాక్ బట్ట ఎలాగూ ఒకసారి ఉతికారు కాబట్టి కుంచించుకోవాల్సింది చాలావరకు అయిపోయింది. కుట్లు విప్పి, ఓపెనింగ్ ఇస్త్రీ చేసి, అదే చైన్‌ను బట్ట మీద సాగదీయకుండా పరిచి, అలలు పోయేలా పట్టీని పైనుంచి సర్దుతూ కచ్చా కుట్టు వేయండి. మిగిలిన పట్టీ కింద లోపలికి పోతుంది. కుట్టు వేసే ముందు ఒకసారి పాపకు తొడిగి చూడండి.