ఎమ్మారైలో మెనింజియోమా అని వచ్చింది. అది క్యాన్సరేనా? బ్రెయిన్ ట్యూమర్లు ఎన్ని రకాలు?

మీ అమ్మగారికి విజయవాడ సూర్యారావుపేటలో తీయించిన ఎమ్మారైలో "మెనింజియోమా కావచ్చు" అని రాశారన్నారు. కంగారు పడకండి. మెనింజియోమాల్లో ఎక్కువ భాగం క్యాన్సర్ కావు. మెదడులో కాదు, దాన్ని కప్పి ఉండే పొరల్లో పుడతాయి. ఆడవాళ్లలో ఎక్కువ, పెరుగుదల నెమ్మది. గడ్డ చిన్నదై, ఇబ్బందేమీ లేకపోతే కత్తి పెట్టకుండా స్కాన్లు తీస్తూ గమనిస్తారు. రిపోర్టులో 'డ్యూరల్ టెయిల్' అన్న మాట వెతకండి. గడ్డ అంచు నుంచి పొర వెంబడి సన్నగా సాగే తెల్లటి గీత అది. కాంట్రాస్ట్ ఇంజెక్షన్ ఇవ్వకుండా తీస్తే సరిగా కనపడదు. ఆ ఇంజెక్షన్‌కు ముందు క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష) చూపించుకోండి.

భయపడాల్సిన రకం గ్లియోమాల్లో (మెదడు కణాల్లోనే పుట్టే గడ్డలు) గ్రేడ్ 4, అంటే అత్యంత తీవ్రమైన గ్లియోబ్లాస్టోమా. స్కాన్‌లో మధ్యన నల్లగా, చుట్టూ మందపాటి తెల్లటి రింగుతో, వాపుతో కనిపిస్తుంది. వీలైనంత తీసేసి, సాధారణంగా 6 వారాల్లో 30 సిట్టింగుల రేడియేషన్, దాంతోపాటు టెమోజోలమైడ్ అనే కీమో మాత్రలు ఇస్తారు. అయితే రింగు ఉన్నదల్లా క్యాన్సర్ కాదు. మన దగ్గర టీబీ గడ్డ, బద్దెపురుగు (టేప్‌వార్మ్) తిత్తి కూడా అలాగే కనిపిస్తాయి. అందుకే బయాప్సీ (చిన్న ముక్క తీసి పరీక్షించడం). 2021 డబ్ల్యూహెచ్‌ఓ వర్గీకరణ వచ్చాక గ్లియోమాకు పేరు పెట్టాలంటే మైక్రోస్కోపు ఒక్కటే సరిపోదు, ఐడీహెచ్ లాంటి జన్యు పరీక్షలూ కావాలి. ల్యాబ్ నుంచి బ్లాక్ (తీసిన ముక్కను మైనంలో భద్రపరిచింది), స్లైడ్లు అడిగి తీసుకోండి. రెండో అభిప్రాయానికి గుంటూరు జీజీహెచ్‌కో మంగళగిరి ఎయిమ్స్‌కో వెళ్లినా, ఇంకెక్కడికి వెళ్లినా మొదట అడిగేవి అవే. స్కాన్ ఫిల్ములతో పాటు సీడీ కూడా ఉంచుకోండి.

పిట్యూటరీ (మెదడు కింద ఉండే హార్మోన్ల గ్రంథి) గడ్డలకు చూపు రెండు పక్కలా తగ్గొచ్చు, నెలసరి ఆగొచ్చు. ఆపరేషన్ మాట ఎత్తకముందే ప్రొలాక్టిన్ రక్తపరీక్ష చేయించాలి, ఎందుకంటే ఆ హార్మోన్ తయారుచేసే గడ్డ, ప్రొలాక్టినోమా, చాలామందిలో కాబెర్గోలిన్ మాత్రలకే కుంచించుకుపోతుంది. ఒక చెవే వినపడక, అందులోనే హోరు ఉంటే ష్వానోమా (వినికిడి నరం మీద గడ్డ) ఉందేమో చూడాలి. పిల్లలు పొద్దున్నే వాంతులు చేసుకుంటూ, నడకలో తూలుతుంటే గ్యాస్ట్రిక్ మందులతో వారాలు గడపొద్దు, పిల్లల్లో వచ్చే మెడుల్లోబ్లాస్టోమా అనే మెదడు క్యాన్సర్ అలాగే మొదలవుతుంది. పెద్దవాళ్లలో ఊపిరితిత్తి, రొమ్ము క్యాన్సర్ల నుంచి మెదడుకు పాకినవే ఎక్కువ.

డెక్సామెథసోన్ (వాపు తగ్గించే స్టెరాయిడ్) వేసుకున్నాక తలనొప్పి తగ్గిందంటే గడ్డ తగ్గినట్టు కాదు, వాపు తగ్గింది. షుగరు పెరుగుతుంది, రోజూ చూడాలి. చాలా రోజులు వాడాక డాక్టరు చెప్పకుండా ఒక్కసారిగా మానేయకూడదు. లింఫోమా (తెల్ల రక్తకణాల క్యాన్సర్) అనుమానం ఉంటే మాత్రం, ప్రాణం మీదకు రానంతవరకు బయాప్సీకి ముందు దీన్ని ఇవ్వరు. గడ్డ తాత్కాలికంగా కరిగిపోయి, తీసిన ముక్కలో ఏమీ దొరకదు.

ఫిట్స్ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టండి. నోట్లో చెంచా, చేతిలో తాళాలు పెట్టొద్దు. 5 నిమిషాలు దాటినా, తర్వాత స్పృహ రాకపోయినా 108కి ఫోన్ చేయండి.