మావాడు ఆదివారాలు కూలీల పిల్లలకు పాఠాలు చెబుతున్నాడు, కెరీర్ దెబ్బతింటుందా?

ప్రశ్న: సార్, మాది హనుమకొండ. మా అబ్బాయి హైదరాబాద్‌లో బీటెక్ సీఎస్‌ఈ రెండో సంవత్సరం, హాస్టల్లో ఉంటాడు. ఆరు నెలల నుంచి ప్రతి ఆదివారం కోకాపేట వైపు ఏదో కూలీల క్యాంపుకి వెళ్లి అక్కడి పిల్లలకు చదువు చెబుతున్నాడు. మా తోడికోడలి కూతురిది వేరే కాలేజీ, అదే కోర్సు. ఆ అమ్మాయి ఐదు వేలు కట్టి ఆన్‌లైన్‌లో రెండు నెలలు సోషల్ ఇంటర్న్‌షిప్ చేసింది. మూడు సర్టిఫికెట్లు, ఒక రికమెండేషన్ లెటర్ వచ్చాయి. లింక్డిన్‌లో పెట్టుకుంది. ఎంఎస్‌కి ప్రొఫైల్ బాగుందని కన్సల్టెన్సీ వాళ్లు అన్నారట. మావాడిని సర్టిఫికెట్ ఇస్తారా అంటే "నేను అడగలేదమ్మా" అన్నాడు. వాళ్ల నాన్న అసలు మానేయమంటున్నారు. ఊరికే తిరిగే బదులు సర్టిఫికెట్ వచ్చేదాంట్లో చేరమని చెప్పమంటారా? రెండింటిలో ఏది మేలో పోల్చి చెప్పండి.

జవాబు: అమ్మా, పోల్చి చెబుతాను గానీ ముందు ఒక మాట. మీ ఉత్తరంలో తోడికోడలి కూతురు ఎంత కట్టిందో, ఎన్ని సర్టిఫికెట్లు వచ్చాయో, ఎక్కడ పెట్టుకుందో అన్నీ ఉన్నాయి. మీ అబ్బాయి సీజీపీఏ ఎంతో లేదు. బ్యాక్‌లాగ్స్ (తప్పి మిగిలిపోయిన సబ్జెక్టులు) ఉన్నాయో లేవో లేదు. ఆ క్యాంపులో ఏ వయసు పిల్లలకు ఏం చెబుతున్నాడో లేదు. ఆరు నెలల్లో ఒక్కసారైనా అడిగారా? అడగలేదనే అనుకుంటున్నాను. అడిగి ఉంటే "ఏదో కూలీల క్యాంపు" అని రాసేవారు కాదు.

ఇలాంటి ఉత్తరాలు నాకు చాలా వస్తాయి. అడిగేది సర్టిఫికెట్ గురించి, భయం మాత్రం వేరే. వీడు ఇందులో పడి ఉద్యోగం సద్యోగం లేకుండా సేవ సేవ అని తిరుగుతాడేమోనని. దాని కింద ఇంకోటి ఉంటుంది, అది ఎవరూ రాయరు: మమ్మల్ని అడక్కుండా తనంతట తను ఒక పని మొదలుపెట్టాడే అని. మొదటి దానికి నేను ధైర్యం చెప్పగలను. ఇన్నేళ్లలో ఇలా వారాంతాల్లో పాఠాలు చెప్పిన ఇంజినీరింగ్ పిల్లలను చాలామందిని చూశాను. వాళ్లలో ఎక్కువమంది మిగతా అందరిలాగే క్యాంపస్ ప్లేస్‌మెంట్లకు కూర్చున్నారు, మిగతా అందరిలాగే టెన్షన్ పడ్డారు, మిగతా అందరిలాగే ఉద్యోగాల్లో చేరారు. ఏ ఒకరిద్దరో టిస్‌కో (టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్), అజీం ప్రేమ్‌జీ యూనివర్సిటీకో, హైదరాబాద్‌లోని రోడా మిస్త్రీ కాలేజీలో ఎంఎస్‌డబ్ల్యూకో (సోషల్ వర్క్ పీజీ) వెళ్లారు. టీచ్ ఫర్ ఇండియా ఫెలోషిప్‌కి వెళ్లినవాళ్లూ ఉన్నారు. అది రెండేళ్లు బడిలో పాఠాలు చెప్పే పూర్తికాలం పని, నెలనెలా డబ్బు ఇస్తారు. దాన్ని తిరగడం అనరు. వాళ్లెవరూ జారిపడి అందులోకి పోలేదు, ఆలోచించుకునే వెళ్లారు. రెండో భయానికి నా దగ్గర మందు లేదు. పంతొమ్మిదేళ్ల కుర్రాడు తనంతట తను ఒక పని ఎంచుకుని ఆరు నెలలు మానకుండా చేశాడంటే నేనైతే సంతోషిస్తాను.

ఇక ఆ సర్టిఫికెట్ దారి. ఇప్పుడిది పెద్ద ఫ్యాషన్. నాకు దీని మీద గట్టి అనుమానాలే ఉన్నాయి, దాచుకోను. సేవ చేయడానికి వచ్చినవాడి దగ్గరే డబ్బు కట్టించుకునే సంస్థ అమ్ముతున్నది కాగితం. కొన్నిచోట్ల ఫీజు ఉండదు, దాని బదులు టార్గెట్ ఉంటుంది: లింకు పంపి బంధువుల దగ్గర, స్నేహితుల దగ్గర ఇంత విరాళం వసూలు చేస్తేనే సర్టిఫికెట్. ఇంత దాటితే "స్టార్ వాలంటీర్" అని ఇంకో కాగితం. ఆ మధ్య ఒక అమ్మాయి నా దగ్గరికి ఇలాంటివి నాలుగు తెచ్చింది. "నువ్వు సాయం చేసినవాళ్లలో ఒక్కరి గురించి చెప్పు" అన్నాను. చాలాసేపు ఆలోచించి, తను ఎవరినీ చూడలేదని, వాట్సాప్‌లో పోస్టర్లు మాత్రం పంపానని చెప్పింది. అబద్ధం చెప్పనందుకు ఆ పిల్లను మెచ్చుకున్నాను. ఇంటర్వ్యూలో కూర్చున్నవాళ్లు కూడా ఇదే ప్రశ్న అడుగుతారు కదమ్మా.

ఎంఎస్ ప్రొఫైల్ సంగతి. అమెరికాలో డిగ్రీ చదవడానికి ఇంటర్ తర్వాత వెళ్లేవాళ్ల దరఖాస్తుల్లో ఇలాంటి పనులను బాగానే చూస్తారు. కంప్యూటర్ సైన్స్ ఎంఎస్‌కి చూసేది ముఖ్యంగా మార్కులు, ప్రాజెక్టులు, మీవాడిని దగ్గరగా చూసిన ప్రొఫెసర్లు రాసే లెటర్లు, ఎస్‌ఓపీ (ఆ కోర్సు ఎందుకు చదవాలనుకుంటున్నాడో తనే రాసుకునే వ్యాసం). రెండు నెలలు ఆన్‌లైన్‌లో చూసిన సంస్థ ఇచ్చే రికమెండేషన్ లెటర్‌లో పేరు మారుతుంది, మిగతాదంతా అందరికీ ఒకటే. అందుకని మీ అబ్బాయి పాఠాలు చెప్పడం వల్ల ఎంఎస్ సీటు వస్తుందని కూడా నేను అనను. ఎస్‌ఓపీలో నాలుగు నిజమైన వాక్యాలు వస్తాయి, అంతే.

అదే అమెరికా గురించి ఇంకో విషయం, మన ఇళ్లలో ఎవరూ ముందుగా చెప్పరు. చదువు అయ్యాక ఓపీటీ (అక్కడే కొంతకాలం పనిచేసుకోవడానికి ఇచ్చే అనుమతి) మీద ఉన్న విద్యార్థి మొత్తం 90 రోజులకు మించి పని లేకుండా ఉండకూడదు. ఉద్యోగం దొరకనివాళ్లు తాము చదివిన రంగానికి సంబంధించిన పనిని వారానికి కనీసం 20 గంటలు, జీతం లేకుండా వాలంటీరుగా చేసినా ఆ మొదటి ఓపీటీలో లెక్కలోకి వస్తుంది. సైన్స్, ఇంజినీరింగ్ లాంటివి చదివినవాళ్లకు ఆ అనుమతిని పొడిగించే స్టెమ్ ఎక్స్‌టెన్షన్‌లో అది కుదరదు, జీతం ఉండాల్సిందే. ఇక్కడ వాలంటీరింగ్‌ని "ఊరికే తిరగడం" అన్న ఇళ్ల నుంచే అక్కడికి వెళ్లిన పిల్లలు, గడువు దగ్గరపడ్డాక ఏ లైబ్రరీలోనో, ఏ స్వచ్ఛంద సంస్థలోనో కంప్యూటర్ పని ఇప్పించమని బతిమాలుతుంటారు. కొందరు చేయని పనికి కాగితం కొంటారు. వీసా విషయంలో ఆ కాగితం ఎంత ప్రమాదమో వేరే చెప్పక్కర్లేదు.

ఇప్పుడు మీ అబ్బాయి వెళ్లే చోటు గురించి. కోకాపేట, నార్సింగి, తెల్లాపూర్ వైపు లేచే టవర్ల పక్కన రేకుల షెడ్ల వరసలు ఉంటాయి. ఒడిశా, బిహార్, ఝార్ఖండ్, ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చిన కుటుంబాలుంటాయి, మన పాలమూరు వాళ్లూ ఉంటారు. 2020 లాక్‌డౌన్‌లో దేశంలో మొదటి శ్రామిక్ రైలు మే 1న మన లింగంపల్లి నుంచే ఝార్ఖండ్‌లోని హటియాకి వెళ్లింది. అందులో వెళ్లిన సుమారు 1200 మందిలో కందిలో ఐఐటీ భవనాలు కడుతున్న కూలీలు ఉన్నారు. మనం పిల్లల్ని ఏ ఐఐటీలో చూసుకోవాలని కలలు కంటామో, దాని గోడలు కట్టినవాళ్లు.

అక్కడ పాఠం చెప్పడమంటే పుస్తకం తెరిచి చదివించడం కాదు. పిల్లకు ఇంట్లో ఒడియా, బడిలో తెలుగో ఇంగ్లీషో, ఆటల్లో హిందీ. వయసు పదేళ్లు, చదువు ఒకటో తరగతి దగ్గర ఆగి ఉంటుంది. ప్రభుత్వ బడిలో చేర్పిద్దామంటే టీసీ ఏది, పుట్టిన తేదీ కాగితం ఏది అంటారు. విద్యాహక్కు చట్టం అందుకు ఒప్పుకోదు. ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లల్ని వయసుకు తగ్గ తరగతిలో చేర్చుకోవాలని నాలుగో సెక్షన్, టీసీ ఆలస్యమైందని ఆపకూడదని ఐదో సెక్షన్, వయసు ధ్రువపత్రం లేదని కాదనకూడదని పద్నాలుగో సెక్షన్ చెబుతాయి. ఒక వాలంటీరు కుర్రాడు ఈ మూడు సెక్షన్లు ప్రింట్ తీసుకుని హెడ్‌మాస్టర్ గదిలోకి వెళ్లి, గొడవ పెట్టుకోకుండా, ఆయన అహం దెబ్బతినకుండా, నలుగురు పిల్లల్ని చేర్పించి వచ్చాడు. ఇప్పుడు ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో క్లయింట్లతో మాట్లాడే పని చేస్తున్నాడు. ఆ గదిలో నేర్చుకున్నదే ఇప్పటికీ వాడుతున్నానంటాడు. ఏ కోర్సులో నేర్పుతారమ్మా అది?

మన దగ్గర ఈ పనికి పాత చరిత్రే ఉంది. రంగారెడ్డి జిల్లాలో ఎం.వి. ఫౌండేషన్ పిల్లల్ని పనుల్లోంచి బడికి తెచ్చినప్పుడు ఇల్లిల్లూ తిరిగింది ఎక్కువగా ఊళ్లోని యువకులే. ఆ పనిని నడిపించిన శాంతా సిన్హా గారు హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ప్రొఫెసర్‌గా పనిచేశారు, 2003లో మెగసెసే అవార్డు వచ్చింది. కెరీర్ ఒకవైపు, ఇది ఒకవైపు అని ఆమె విడదీసి చూసుకున్నట్టు లేదు.

మీ అబ్బాయిని వెనకేసుకొస్తున్నానని అనుకోకండి. వాడికీ నాలుగు మాటలు ఉన్నాయి, ఈ భాగం వాడికి చూపించండి. వాలంటీర్లలో నేను చూసిన పెద్ద లోపం, మధ్యలో మాయమవడం. ఆగస్టులో ఉత్సాహంగా పదిమంది వస్తారు, నవంబరు పరీక్షలకు ముగ్గురు మిగులుతారు. ప్రతి ఆదివారం కొత్త అన్న వచ్చి పేరేంటి అని అడిగితే ఆ పిల్లలకు విసుగొస్తుంది. పరీక్షలప్పుడు రాలేకపోతే ముందే పిల్లలకు చెప్పాలి, బదులు ఎవరొస్తారో చెప్పాలి. పిల్లల ఫొటోలు తీసి ఇన్‌స్టాలో పెట్టకూడదు. ఏ బిడ్డతోనూ తలుపు మూసిన గదిలో ఒంటరిగా ఉండకూడదు. ఆ సంస్థ చేర్చుకునేటప్పుడు ఆధార్ అడగలేదు, ఎవరి ద్వారా వచ్చావని విచారించలేదు, పిల్లల భద్రత గురించి ఏమీ చెప్పలేదు అంటే నాకు ఆ సంస్థ మీద అనుమానమే. పిల్లల మీద ఏదైనా దారుణం జరుగుతోందని తెలిస్తే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయాలన్నది వాడికి నోటికి వచ్చి ఉండాలి.

టైమ్ లెక్క చూద్దాం. ఎన్‌ఎస్‌ఎస్‌లో (కాలేజీల్లో నడిచే జాతీయ సేవా పథకం) చేరిన విద్యార్థి ఏడాదికి 120 గంటలు పనిచేయాలి, రెండేళ్లకు 240. అంటే వారానికి రెండున్నర గంటల లోపే. మీవాడు ఆదివారం పూట నాలుగు గంటలు, రానుపోను ప్రయాణం రెండు గంటలు అనుకున్నా ఆరు. హాస్టల్లో ఆదివారం ఆ ఆరు గంటలూ డేటా స్ట్రక్చర్స్ చదువుతారనుకుంటున్నారా? నేను హాస్టళ్లు చూసినవాణ్ణి. క్రికెట్ మ్యాచ్, మధ్యాహ్నం నిద్ర, మధ్యలో రీల్స్. అయితే బ్యాక్‌లాగ్ ఉంటే మాత్రం లెక్క మారుతుంది. చాలా కంపెనీలు బ్యాక్‌లాగ్ ఉన్నవాళ్లను పరీక్షకే రానివ్వవు. అలాంటప్పుడు నెలకు రెండు ఆదివారాలకు తగ్గించుకోమనండి, పూర్తిగా మానేయమనకండి. మూడో సంవత్సరం రెండో సెమిస్టర్‌లో ప్లేస్‌మెంట్ ప్రిపరేషన్ మొదలవుతుంది, అప్పుడు వాడే తగ్గించుకుంటాడు. తన చోటికి జూనియర్‌ని ఒకరిని తయారు చేసి వెళ్లమనండి.

సర్టిఫికెట్ అంటారా, నిజాయితీగా నడిచే సంస్థ ఏదైనా, ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు పనిచేశాడని లెటర్‌హెడ్ మీద రెండు లైన్లు ఉచితంగానే రాసిస్తుంది. ఏడాది అయ్యాక అడగమనండి, అందులో తప్పేం లేదు. కాలేజీలో ఎన్‌ఎస్‌ఎస్ యూనిట్ ఉంటే ప్రోగ్రామ్ ఆఫీసర్‌ని కలిసి ఈ పనిని అందులో చూపించుకోవచ్చేమో కనుక్కోమనండి. ఒప్పుకునేవాళ్లు ఉంటారు.

వాళ్ల నాన్నగారికి ఒక మాట. మానేయమని ఫోన్‌లో చెబితే వాడు "సరే నాన్నా" అంటాడు, వెళ్లడం మానడు, మీకు చెప్పడం మానేస్తాడు. దానికన్నా ఇద్దరూ ఒక ఆదివారం హైదరాబాద్ వచ్చి, వాడితో కలిసి ఆ క్యాంపుకి వెళ్లండి. అరిటిపళ్లు, బిస్కెట్లు పట్టుకుని దాతల్లాగా వెళ్లకండి, వెనకాల కూర్చుని చూడండి. నచ్చకపోతే అప్పుడు వాడితోనే మాట్లాడండి, చూసి మాట్లాడుతున్నారని వాడికీ తెలుస్తుంది. ఆ తర్వాత కూడా అనుమానం మిగిలితే సీజీపీఏ, బ్యాక్‌లాగ్స్ వివరాలతో మళ్లీ రాయండి.

అన్నట్టు, మీ తోడికోడలికి ఈ జవాబు చూపించకండి. ఆ ఐదు వేలు ఎలాగూ తిరిగి రావు.