కణత్వచంలోని వోల్టేజీ సెన్సర్లకు ఎలా పనికొస్తుంది?

కణత్వచంలో పుట్టే వోల్టేజీని కొలత పరికరాల్లో ఎలా వాడతారన్నది ప్రశ్న. ముందు ఆ వోల్టేజీ సంగతి చూద్దాం. నాడీకణం లోపల పొటాషియం అయాన్లు ఎక్కువ, బయట తక్కువ. త్వచంలోని సన్నని మార్గాల గుండా కొన్ని బయటికి జారుకుంటాయి. వాటికి జోడైన రుణావేశం లోపలే ఉండిపోతుంది. అందుకే లోపలి వైపు సుమారు మైనస్ 70 మిల్లీవోల్టులు ఉంటుంది. చిన్న అంకెలా కనిపిస్తుంది కానీ, త్వచం మందం 5 నానోమీటర్లే! మీటరుకు లెక్కగడితే కోటి వోల్టులు దాటుతుంది. ఎన్నిసార్లు చదివినా నాకు ఇది ఆశ్చర్యమే.

సెన్సర్‌లోనూ ఇదే సూత్రం. స్ట్రెప్టోమైసిస్ బాక్టీరియా తయారుచేసే వాలినోమైసిన్ ఉంగరం ఆకారపు అణువు. దాని నడిమి ఖాళీలో పొటాషియం సరిగ్గా ఇముడుతుంది. సోడియం మరీ చిన్నది. తన చుట్టూ ఉన్న నీటిని వదులుకొని అందులో కుదురుకోలేదు. ఈ అణువును పీవీసీ పొరలో కలిపి ఎలక్ట్రోడ్ కొసన అమరుస్తారు. 25 డిగ్రీల సెల్సియస్ వద్ద, ద్రావణంలో పొటాషియం గాఢత పది రెట్లు మారితే వోల్టేజీ సుమారు 59 మిల్లీవోల్టులు మారుతుంది. రక్తంలో పొటాషియాన్ని ఇలాగే కొలుస్తారు.

గ్లూకోజ్ మీటరు మాత్రం వేరు. అక్కడ కొలిచేది సాధారణంగా ఎంజైమ్ చర్య నుంచి వచ్చే విద్యుత్ ప్రవాహాన్ని.