ఫిన్లాండ్ ‘తొలితరం జిమ్నాస్ట్’ అని చెప్పే ఎలిన్ కల్లియో ఏ పతకాలు గెలిచింది? ఆవిడ నేర్పిన జిమ్నాస్టిక్స్ ఇప్పుడు బడిలో ఆడపిల్లలకు పనికొస్తుందా?

పతకాలేమీ లేవు, వచ్చే వీలూ లేదు. ఆడవాళ్ల జిమ్నాస్టిక్స్ ఒలింపిక్ పోటీల్లోకి వచ్చిందే 1928లో, ఆమ్‌స్టర్‌డామ్‌లో. కల్లియో 1927 డిసెంబరులోనే పోయింది. ఆ 1928లో కూడా దిగింది ఐదు జట్లే, అందులో ఫిన్లాండ్ లేదు. కాబట్టి ‘తొలితరం జిమ్నాస్ట్’ అన్న మాట చూసి బీమ్ మీద పల్టీలు ఊహించుకోకండి. ఆవిడ బడి పంతులమ్మ.

పూర్తి పేరు ఎలిన్ ఒయిహోన్నా కల్లియో, పుట్టింటి పేరు వానెర్‌బెర్గ్. పుట్టింది 1859లో, ఫిన్లాండ్ రష్యా జార్ చక్రవర్తి ఏలుబడిలో ఉన్న రోజుల్లో. 1876లో, అంటే ఇంకా ఇరవై కూడా నిండకుండానే, ఆడవాళ్ల కోసం జిమ్నాస్టిక్స్ సంఘం పెట్టింది. నార్డిక్ దేశాలన్నిటిలోనూ అలాంటిది అదే మొదటిది. తర్వాత హెల్సింకి బడుల్లో పాఠాలు చెప్పింది, జిమ్నాస్టిక్స్ మీద పుస్తకాలు రాసింది, 1896లో ఫిన్లాండ్ మహిళల జాతీయ జిమ్నాస్టిక్స్ సమాఖ్యను నిలబెట్టింది. అక్కడ యూనివర్సిటీలో చేరాలనుకునే ఆడపిల్ల ‘స్త్రీని కాబట్టి మినహాయింపు ఇప్పించండి’ అని అర్జీ పెట్టుకునే రోజులవి. ఆ నిబంధన 1901 దాకా ఉంది.

అందరూ 1876నే చెప్తారు గానీ, నా లెక్కలో 1896దే పెద్ద పని. ఒక సంఘం దాన్ని నడిపే మనిషి ఓపిక ఉన్నంత వరకే నడుస్తుంది. సమాఖ్య ఉంటే ఒక ఊళ్లో నేర్పినదీ ఇంకో ఊళ్లో నేర్పినదీ ఒకే దారిన సాగుతాయి, కొత్త టీచర్లు తయారవుతారు.

ఇక ఆ జిమ్నాస్టిక్స్ పద్ధతి సంగతి. దీని పునాది స్వీడన్‌ది. పేర్ హెన్రిక్ లింగ్ 1813లో స్టాక్‌హోమ్‌లో జిమ్నాస్టిక్స్ విద్యాలయం పెట్టాడు. ఆయన కొడుకు యాల్మర్ వ్యాయామాలను వరసకట్టి పాఠాలుగా మలిచాడు. 1864 నుంచి అక్కడ ఆడవాళ్లకూ టీచర్ శిక్షణ ఇచ్చారు. పాఠం వరస దాదాపు ఇలా ఉంటుంది: ముందు నిలబడే తీరు, తేలికపాటి కదలికలు. తర్వాత ఛాతీ వెనక్కి వంచడం, చేతులతో వేలాడడం, బ్యాలెన్స్, వీపు, పొట్ట, పక్కలకు వంగడం. ఆ తర్వాత నడక, పరుగు, దూకడం. చివర శ్వాస. గుండె వేగం మెల్లగా పెరిగి, దూకడం దగ్గర పైకెళ్లి, శ్వాసతో దిగాలి. మనవాళ్లు చాలాచోట్ల పిల్లలు రాగానే రెండు రౌండ్లు పరిగెత్తించి, రొప్పుతూ ఉన్నవాళ్లను వరసలో నిలబెట్టి భంగిమలు సరిదిద్దబోతారు. ఆ స్థితిలో ఏ పిల్లకీ వీపు నిలవదు.

ఇందులో అన్నిటికంటే ఎక్కువగా పాడు చేసేది ఛాతీ వంచే వ్యాయామాన్ని. గోడకు బిగించిన చెక్క నిచ్చెన లాంటి వాల్ బార్స్‌కు వీపు పెట్టి, ఒక అడుగు ముందుకు జరిగి నిలబడాలి. మడమలు కలపాలి. చేతులు తల మీదుగా వెనక్కి చాచి, అందే కమ్మీ పట్టుకుని, ఛాతీని పైకీ ముందుకీ ఎత్తాలి. వంపు రెక్క ఎముకల దగ్గర రావాలి. పిల్లలు ఏం చేస్తారంటే, నడుం దగ్గర విరిచేసి పొట్ట ముందుకు తోస్తారు. చూడ్డానికి వంపు పెద్దగానే కనిపిస్తుంది, బరువంతా నడుం మీద పడుతుంది. కారణం ఒకటే, కమ్మీ మరీ కింద పట్టుకోవడం. పట్టు కిందికి దిగేకొద్దీ కష్టం పెరుగుతుంది కాబట్టి భుజాలు బిగుసుగా ఉన్న పిల్లకు పై కమ్మీ ఇవ్వండి. జతగా ఉన్న పిల్ల రెక్క ఎముకల మధ్య అరచేయి ఆనిస్తే వంపు ఎక్కడ రావాలో నోటితో చెప్పకుండానే తెలుస్తుంది. వాల్ బార్స్ లేకపోతే చాప చుట్టి రెక్క ఎముకల కింద పెట్టి వెల్లకిలా పడుకోబెట్టండి. మోకాళ్లు మడిచి, చేతులు తల వెనక్కి చాచి, నాలుగైదు నిదానపు శ్వాసలు చాలు.

బ్యాలెన్స్‌కు పొడవాటి స్వీడిష్ బెంచీని తిరగేస్తే చాలు, కింద ఉండే సన్నని పట్టె మీద నడవొచ్చు. కాళ్లకేసి చూస్తూ నడిచే పిల్ల తూలుతుంది. చూపు ఎదురుగా కంటి ఎత్తున ఏదైనా గుర్తు మీద నిలపమనండి.

కమాండ్ ఇచ్చే తీరు కూడా ముఖ్యమే. ముందు ఏం చేయాలో చెప్పాలి, కాస్త ఆగాలి, అప్పుడు చేయమని పొట్టిగా అనాలి. ఆ ఆగడమే పాఠం. ఆగకపోతే సగం మంది పక్కదాన్ని చూసి చేస్తారు. బ్రిటన్ 1909లో బడులకు ఇచ్చిన వ్యాయామ సిలబస్ కూడా ఈ స్వీడిష్ పద్ధతి మీదే కట్టింది. మన డ్రిల్లు మాస్టార్ల చేతులు నడుం మీద, మడమలు కలుపు లాంటివి కొత్తగా అనిపించకపోవడం అందుకే కావచ్చు.

పద్ధతిలో లోపం లేదని కాదు. బిగుతు ఎక్కువ. దాన్ని సడలించింది అదే ఫిన్లాండ్‌కు చెందిన ఎల్లీ బ్యోర్క్‌స్టెన్ (1870–1947). ఒంటిని బిగించడం, వదలడం ఒకదాని వెంట ఒకటి వచ్చేలా, చేయి ఊపులో లయ ఉండేలా ఆడవాళ్ల జిమ్నాస్టిక్స్‌ను మార్చింది. మీరు బడిలో మొదలుపెడుతుంటే వరస కల్లియో కాలం నాటి స్వీడిష్ పాఠం నుంచి, కదలిక తీరు బ్యోర్క్‌స్టెన్ నుంచి తీసుకోండి. ఒట్టి పాత డ్రిల్లయితే పిల్లలకు వారంలో మొహం మొత్తుతుంది.

ఒక్క భాగం మాత్రం ఉన్నదున్నట్టు తీసుకోవద్దు. దూకడానికి వాడే చెక్క బాక్సు, మందపాటి మ్యాట్, పక్కన పట్టుకునే పెద్ద మనిషి, ఈ మూడూ లేనిచోట బాక్సు మీంచి దూకించకండి. నేల మీదే రెండు కాళ్లతో గెంతి, మోకాళ్లు వంచి, ముందు మునివేళ్లు ఆనేలా దిగడం నేర్పండి. మడమలు ధనామని మోగితే దిగడం తప్పినట్టే, ఆ పిల్లను ఇంకా ఎత్తుకు పంపొద్దు.