ఏడవని పిల్ల బుద్ధిమంతురాలేనా?

పిల్లల పెంపకం: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మా అబ్బాయీ కోడలూ బెంగళూరుకు బిల్డింగ్ పనులకు వెళ్లి ఏడు నెలలైంది. మనవరాలికి ఇరవై నెలలు, నా దగ్గరే ఉంటోంది. కిరాణా కొట్టు చూసుకుంటూ పెంచుతున్నాను. ఫోన్లో పాటలు పెట్టిస్తే పొద్దంతా కూర్చున్నచోటే ఉంటుంది. ఏడవదు, మారాం చేయదు. బుద్ధిమంతురాలని అందరూ మెచ్చుకుంటారు. కానీ ‘తాత’, ‘బువ్వ’ తప్ప మాటల్లేవు. పిలిచినా తిరిగి చూడదు. మా వంశంలో అందరికీ మాటలు ఆలస్యమే. ఇంకొన్నాళ్లు ఆగమంటారా?
– ఒక నానమ్మ, పల్నాడు జిల్లా

జవాబు: ఆగొద్దమ్మా. రెండేళ్లు నిండేసరికి ‘అమ్మ రా’, ‘పాలు కావాలి’ లాంటి జంట మాటలు రావాలి. ఇరవై నెలలకు రెండే మాటలుండి, పైగా పిలిస్తే తిరగడం లేదంటే వంశం మీదికి నెట్టేయకూడదు.

ముందు చెవులు చూపించండి. వెనక నిలబడి చప్పట్లు కొట్టి చూడటం పరీక్ష కాదు. నీడ కదిలినా, గాలి తగిలినా పిల్లలు తిరుగుతారు. బెరా అనే పరీక్ష ఉంది. పిల్ల నిద్రపోతుండగా తలకు చిన్న తీగలు అంటించి చేస్తారు, నొప్పి ఉండదు. మీ ఆశా కార్యకర్తను అడిగితే జిల్లా సత్వర చికిత్సా కేంద్రానికి, అంటే డీఈఐసీకి పంపిస్తారు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం అనే పిల్లల ఆరోగ్య పథకం కింద అక్కడ సేవలు ఉచితం. ఆటిజం ప్రశ్నావళి, హిమోగ్లోబిన్ పరీక్ష కూడా అడిగి చేయించండి. రక్తహీనత ఉన్న పిల్లలూ ఇలాగే మందకొడిగా ఉంటారు.

ఇవి జరుగుతుండగానే ఇంట్లో మార్చాల్సింది ఒకటుంది. చంటిబిడ్డ ‘ఉంగా’ అంటే మనం ‘ఏంటి తల్లీ’ అంటాం. బిడ్డ మళ్లీ ఏదో అంటుంది. మెదడులో మాటకు దారి పడేది ఈ ఇచ్చిపుచ్చుకోవడంలోనే. 1970ల్లో అమెరికా మనస్తత్వవేత్త ఎడ్వర్డ్ ట్రోనిక్ ఒక చిన్న ప్రయోగం చేశారు. తల్లి కాసేపు బిడ్డతో ఆడి, తర్వాత రెండు మూడు నిమిషాలు ముఖంలో ఏ భావమూ లేకుండా కూర్చుంటుంది. బిడ్డ నవ్వుతుంది, చేతులు చాపుతుంది, కేక వేస్తుంది. ఎంతకీ బదులు రాకపోతే ముఖం తిప్పేసుకుని నీరుగారిపోతుంది. మీ పిల్ల మౌనంలో కొంతభాగం ఇదే కావచ్చు. ఫోన్లో పాట వస్తూనే ఉంటుంది తప్ప, పిల్ల ఏమంటుందోనని ఆగదు కదా.

కాబట్టి పాటలు పూర్తిగా ఆపేయండి. రెండేళ్లలోపు పిల్లలకు అయినవాళ్లతో వీడియో కాల్ తప్ప తెర అసలు వద్దని మన దేశపు పిల్లల వైద్యుల సంఘం చెబుతోంది. మొదట్లో బాగా ఏడుస్తుంది. ఆ ఏడుపుకు భయపడి ఒక్కసారి ఫోన్ ఇచ్చినా, ఏడిస్తే వస్తుందని నేర్చుకుంటుంది. బదులుగా రెండు స్టీలు గిన్నెలు, ఒక గరిటె ఇవ్వండి.

కొట్టు మూయక్కర్లేదు. పిల్లను గల్లాపెట్టె పక్కన మీకు ఎదురుగా కూర్చోబెట్టుకోండి. తను దేనివైపు చూస్తే దాని పేరే చెప్పండి: ‘పప్పు. కందిపప్పు.’ చెప్పి ఆగండి. మనసులో నెమ్మదిగా అయిదు లెక్కపెట్టండి. అందరూ తప్పేది ఇక్కడే, రెండు లెక్కపెట్టకుండానే మళ్లీ మాట్లాడేస్తారు. ఆ వ్యవధిలో పిల్ల కన్ను తిప్పినా, వేలు చూపినా, ‘ప’ అన్నా అది జవాబే. ‘ఆఁ, పప్పు!’ అని అందుకోండి. ‘ఇదేంటి? చెప్పు చెప్పు’ అని పరీక్ష పెట్టొద్దు. అడగకముందే అన్నీ అందివ్వొద్దు కూడా. మరమరాలను మూత బిగుతుగా ఉన్న డబ్బాలో పోసి చేతికివ్వండి. మూత రాక మీ దగ్గరికి తెస్తుంది చూడండి, అడగడం అక్కడ మొదలవుతుంది. నలుగు పెట్టేటప్పుడు, గోరుముద్దలు తినిపించేటప్పుడు, పడుకోబెట్టేటప్పుడు పది పదిహేను నిమిషాల చొప్పున ఇలా చేసినా రోజుకు అరగంట నుంచి ముప్పావు గంట అవుతుంది.

సాయంత్రం అమ్మానాన్నలకు వీడియో కాల్ చేయండి. అమ్మ అక్కణ్నుంచి ‘ముక్కేదీ?’ అంటే, మీరు పిల్ల వేలు పట్టుకుని దాని ముక్కు మీద పెట్టండి. అయిదు నిమిషాలు చాలు, కానీ రోజూ ఒకే వేళకు చేయాలి.

ప్రశ్న: శిశుగృహంలో పెరిగిన మూడేళ్ల పాపను చట్టప్రకారం దత్తత తీసుకుని నాలుగు నెలలైంది. అన్నం, బిస్కెట్లు దిండు కింద దాస్తుంది. కింద పడినా ఏడవదు. ఎవరు చేయి చాపినా వెళ్లిపోతుంది. ఇవి జీవితాంతం ఉండిపోతాయా?
– ఒక దంపతులు, హైదరాబాద్

జవాబు: మీ భయానికి ఆధారం లేకపోలేదు, అందుకే దాచకుండా చెబుతాం. 1989లో రొమేనియాలో నియంత చౌషెస్కూ పాలన కూలినప్పుడు ప్రభుత్వ అనాథాశ్రమాల్లో లక్షకు పైగా పిల్లలు బయటపడ్డారు. తిండి, పక్క ఉన్నా తమవాళ్లంటూ ఎవరూ లేని పిల్లలు. 2000లో ఆ దేశ రాజధాని బుకారెస్టులో పరిశోధకులు 6 నుంచి 31 నెలల వయసున్న 136 మందిని తీసుకుని, చీటీలు వేసినట్టుగా సగం మందిని పెంపుడు కుటుంబాలకు పంపారు. నాలుగున్నరేళ్ల వయసుకు మిగతా సగం పిల్లల సగటు ఐక్యూ, అంటే తెలివిని కొలిచే అంకె, 73, కుటుంబాలకు వెళ్లినవారిది 81. రెండేళ్లలోపు వెళ్లినవారు ఎక్కువ కోలుకున్నారు. అయితే రెండేళ్లు దాటితే తలుపు మూసుకుపోతుందని దీనర్థం కాదు. ఆలస్యమైనకొద్దీ ఓపిక ఎక్కువ కావాలి. మన శిశుగృహాలన్నీ ఆనాటి రొమేనియా ఆశ్రమాల్లాంటివీ కావు.

తిండి దాస్తే తిట్టొద్దు, వెతికి లాక్కోవద్దు. పాపకు అందే ఎత్తులో తనదే అయిన ఒక డబ్బా పెట్టి, అందులో ఎప్పుడూ అరటిపండు, రెండు బిస్కెట్లు ఉంచండి (వేరుశనగలు, వేయించిన శనగలు ఈ వయసులో గొంతులో ఇరుక్కుంటాయి, వద్దు). ఖాళీ అవగానే తన కళ్లముందే నింపండి. డబ్బా ఖాళీగా ఉండదని నమ్మకం కుదిరాక దాచడం తగ్గుతూ వస్తుంది. నెలలు పట్టొచ్చు.

అందరి దగ్గరికీ వెళ్లడాన్ని కలుపుగోలుతనం అనుకోకండి. తన మనిషెవరో ఇంకా తేలలేదన్నమాట. కొన్ని నెలలపాటు తినిపించడం, స్నానం, నిద్ర మీ ఇద్దరి చేతుల మీదుగానే జరగాలి. బంధువులు ముద్దు చేయొచ్చు, కానీ ఎత్తుకోవడం, స్వీటు పెట్టడం మీకే వదలమనండి. అత్తగారికి కష్టంగా ఉంటుంది, కారణం చెప్పి ఒప్పించండి. ప్లేస్కూలు తొందర వద్దు.

పడినప్పుడు ‘ధైర్యవంతురాలు’ అని మెచ్చుకోవద్దు. పరుగున వెళ్లి ఎత్తుకుని, ‘అబ్బా, నొప్పి పుట్టిందా’ అని ఆ నొప్పికి మీరే మాట ఇవ్వండి. ఒకరోజు చిన్న దెబ్బకే మిమ్మల్ని వెతుక్కుంటూ ఏడుస్తూ వస్తుంది. అది వెనక్కి పోవడమేమోనని కంగారుపడొద్దు, మీరు ఎదురుచూడాల్సిన ఏడుపు అదే.

ప్రశ్న: పక్కింటివాళ్లు నాలుగేళ్ల బాబునూ ఏడాది పాపనూ లోపల పెట్టి తాళం వేసి కూలికి పోతారు. ఫిర్యాదు చేస్తే పిల్లలను తీసుకుపోయి ఎక్కడో పడేస్తారేమోనని భయం.
– విజయవాడ పాఠకురాలు

జవాబు: తాళం వేసిన ఇంట్లో నిప్పంటుకున్నా, నీళ్ల బకెట్లో పాప తలకిందులుగా పడినా నాలుగేళ్ల వాడు ఏం చేయగలడు? వెంటనే కదలండి. ముందు ఆ తల్లితో, కోపం లేకుండా, ఆమె ఒక్కతే ఉన్నప్పుడు మాట్లాడండి. తాళం కప్ప వెనక ఉన్నది చాలాసార్లు పిల్లలను అప్పగించే దిక్కులేకపోవడమే. ‘పాల్నా’ పథకం కింద పిల్లల సంరక్షణ కేంద్రం దగ్గర్లో ఉందేమో అంగన్‌వాడీలో అడగండి, ఆర్నెల్ల నుంచి ఆరేళ్ల పిల్లల దాకా తీసుకుంటారు. ఆమె చేసేది భవన నిర్మాణమైతే, కూలీలు ఎక్కువమంది ఉన్న చోట పిల్లల గది ఉండాలని చట్టమే చెబుతోంది.

ఇవేవీ కుదరకపోతే, లేదా పిల్లలు ఆకలితోనో దెబ్బలతోనో కనిపిస్తే పిల్లల సహాయ నంబరు 1098కి ఫోన్ చేయండి. రాత్రీపగలూ పనిచేస్తుంది, మీ పేరు బయటపెట్టరు. పిల్లలను సంస్థలో ఉంచడం చట్టం ప్రకారం చివరి మార్గం. కుటుంబంలోనే ఉంచేందుకు మిషన్ వాత్సల్య అనే ప్రభుత్వ పథకం కింద, అర్హత ఉంటే, ఒక్కో బిడ్డకు నెలకు రూ.4,000 స్పాన్సర్‌షిప్, అంటే పెంపకానికి సాయం, ఉంది. దరఖాస్తు జిల్లా బాలల సంరక్షణ యూనిట్‌లో ఇవ్వాలి. ఆ కాగితం రాయడానికి ఆమె వెంట వెళ్లండి.