క్యూల కంటే ముందు గుర్తుల సంగతి చూడు

చిరంజీవికి ఆశీస్సులు.

స్విచ్‌లో క్యూఓఎస్ (ఏ ట్రాఫిక్ ముందు పోవాలో తేల్చే ఏర్పాటు) పెట్టబోయే ముందు ఒక్కటి తేల్చుకో: ప్యాకెట్ మీదున్న ప్రాధాన్యపు గుర్తును ఏ పోర్టు దగ్గర నమ్ముతావు? క్యూల (ప్యాకెట్లు వంతు కోసం ఆగే వరుసల) సంగతి ఆ తర్వాతే. పీసీలో ఏ ప్రోగ్రామైనా తన ప్యాకెట్ మీద 46, అంటే వాయిస్‌కిచ్చే గుర్తు, వేసుకోగలదు. అందుకే పీసీ పోర్టులో గుర్తును నమ్మకు, నువ్వే వర్గీకరించి వెయ్యి. ఫోన్ పోర్టులోనూ, స్విచ్‌ల మధ్య లింకుల్లోనూ నమ్ము.

గుర్తులు రెండు. వీలాన్ ట్యాగ్‌లో 3 బిట్ల సీఓఎస్, ఐపీ హెడర్‌లో 6 బిట్ల డీఎస్‌సీపీ. ఒకదాన్నుంచి ఇంకోదానికి మార్చేటప్పుడు కూడా గుర్తు తిరగరాత జరుగుతుంది. సిస్కో కేటలిస్ట్ 2960, 3750 లాంటి పాత స్విచ్‌లలో క్యూఓఎస్ ఆన్ చేయగానే పోర్టులన్నీ నమ్మనివైపోతాయి, వచ్చిన డీఎస్‌సీపీ 0 అవుతుంది. పోనీ సీఓఎస్‌ను నమ్మమన్నావనుకో, డిఫాల్ట్ పట్టిక సీఓఎస్ 5ను డీఎస్‌సీపీ 40గా రాస్తుంది. వాయిస్‌కి కావలసింది 46. ఆ స్విచ్‌లో 40, 46 రెండూ ఒకే క్యూకి వెళ్తాయి కాబట్టి లోపలి కాల్స్ శుభ్రంగా వినిపిస్తాయి. అవతల 46 కోసమే చూసే రౌటర్ మాత్రం వాటిని మామూలు డేటాలో కలిపేస్తుంది, బయటి కాల్స్ తెగుతాయి. సీఓఎస్ 0 నుంచి 7 దాకా వరుసగా డీఎస్‌సీపీ విలువలు వచ్చేలా పట్టికను 0 8 16 24 32 46 48 56గా మార్చు, లేదా డీఎస్‌సీపీనే నమ్ము.

వాయిస్ ముందు పోయే ప్రయారిటీ క్యూను ప్రతి అప్‌లింక్‌లోనూ (పై స్విచ్‌కో రౌటర్‌కో పోయే లింకులో) విడిగా ఆన్ చెయ్యాలి, మరచిపోకు. అది తనవి అయ్యేదాకా మిగతావాటిని కదలనివ్వదు, అందుకే అందులోకి పోయేదాన్ని ప్రవేశంలోనే పోలీసింగ్‌తో, అంటే వేగానికి హద్దు పెట్టి, కట్టడి చెయ్యి. జీ.711 అనే వాయిస్ కోడెక్‌తో చేసే కాల్, 20 మిల్లీసెకన్ల ప్యాకెట్లతో, ఐపీ స్థాయిలో ఒక దిశకు 80 కేబీపీఎస్. హద్దు దాటిన వాయిస్‌ను పారెయ్యి, ఆలస్యంగా చేరినా పనికిరాదు. డేటా అయితే డీఎస్‌సీపీ 26ను అదే క్లాసులో ముందుగా పారేయదగిన 28కి దించు. క్లాసు అదే కాబట్టి వరుస చెదరదు. కానీ దించే పట్టిక డిఫాల్ట్‌గా ఏ విలువనూ మార్చదు, నువ్వే నింపాలి. 28కి క్యూలో తక్కువ త్రెషోల్డ్ (క్యూ ఎంత నిండితే పారెయ్యాలో చెప్పే హద్దు) కూడా ఇవ్వాలి, లేకపోతే దించి లాభం లేదు.

చివరగా అప్‌లింక్‌ను మిర్రర్ చేసి (దాని ట్రాఫిక్ నకలును ఇంకో పోర్టుకు పంపి) ప్యాకెట్లు పట్టి చూడు. వాయిస్‌లో టాస్ బైట్ (ఐపీ హెడర్‌లో డీఎస్‌సీపీ ఉండే బైట్, దాని విలువ డీఎస్‌సీపీకి నాలుగింతలు) 184 కనిపించాలి, 160 వస్తే పట్టిక ఇంకా పాతదే. రెండు దిశల్లోనూ చూడు.