అల్లుడూ, మెషిన్లకు స్కానర్ అంటించే ముందు ఇది చదువు

అల్లుడూ,

నిన్న ఫోన్‌లో నువ్వు చెప్పిందంతా విన్నాక రాత్రి సరిగ్గా నిద్ర పట్టలేదు. కేఆర్ పురం దగ్గర పన్నెండు మెషిన్లతో గేమ్ జోన్ పెడుతున్నావంటే నాకు చాలా సంతోషంగా ఉంది. దానికోసం అక్క తన గాజులు కుదువ పెట్టిందని కూడా తెలిసింది. అందుకే ఫోన్‌లో చెప్పి వదిలేయకుండా కూర్చుని రాస్తున్నాను. దాచుకుని, పని జరిగేటప్పుడు మళ్లీ తీసి చూసుకో.

“టోకెన్లు గీకెన్లు వద్దు మామా, ప్రతి మెషిన్‌కీ ఒక క్యూఆర్ అంటించేస్తా, అంతా యూపీఐనే” అన్నావు. ఆ మాట దగ్గరే నాకు టెన్షన్ మొదలైంది.

మదనపల్లె నుంచి బెంగళూరు వచ్చిన కొత్తలో నేను వీడియో గేమ్ పార్లర్లలో రూపాయి బిళ్ల మెషిన్లు రిపేరు చేసేవాణ్ని. బిళ్ల వేస్తే లోపల టింగుమని పడేది. పిల్లవాడికి ఆ చప్పుడే రసీదు. ఆట మొదలు కాకపోతే “అన్నా, తినేసింది” అని పరిగెత్తుకొచ్చేవాడు. తలుపు తీసి చూస్తే బిళ్ల అక్కడే ఇరుక్కుని ఉండేది. వాడికీ కనిపించేది, నాకూ కనిపించేది. ఇంక గొడవేముంది? యూపీఐలో ఆ బిళ్ల ఎవరికీ కనిపించదు. తండ్రి ఖాతాలో డబ్బు కట్ అయింది, నీ మెషిన్ కదల్లేదు, మధ్యలో ఏం జరిగిందో ఇద్దరికీ తెలియదు. నువ్వు కొనబోయే సిస్టమ్‌ను ఈ ఒక్క ప్రశ్నతో పరీక్షించు: డబ్బు వచ్చి ఆట ఇవ్వలేకపోతే అది ఏం చేస్తుంది? అమ్మేవాడు దీనికి సూటిగా జవాబు చెప్పలేకపోతే అక్కడి నుంచి లేచి వచ్చెయ్.

నగదే మేలని చెప్పడం లేదు, నన్ను పాతకాలం మనిషి అనుకోకు. నాణేలతో నేను పడిన పాట్లు నీకు తెలియవు. 2011లో రూపాయి గుర్తుతో కొత్త నాణేలు వచ్చాయి గదా, అప్పుడు పాత రూపాయి, కొత్త రెండు రూపాయలు రెండూ 25 మిల్లీమీటర్ల వెడల్పే. మెషిన్‌లో నాణేన్ని గుర్తుపట్టే కాయిన్ యాక్సెప్టర్ ఏది ఏదో పోల్చుకోలేక అల్లాడిపోయింది. ఆ నెలలోనే టోకెన్లకు మారాను. 2016 నవంబర్‌లో పెద్ద నోట్లు రద్దయినప్పుడు కౌంటర్‌లో చిల్లర లేక వారాల తరబడి ఖాళీగా కూర్చున్నాను. యూపీఐ వచ్చాక చిల్లర బాధ పోయింది, రాత్రిపూట నాణేలు లెక్కపెట్టే పని పోయింది. అది నిజంగా గొప్ప మేలు.

కానీ నాకు జరిగింది ఒకటి చెప్తాను విను. ఒక కంపెనీవాళ్లు వచ్చి నా క్లా మెషిన్‌కు (కొక్కెంతో బొమ్మలు పట్టుకునే ఆట) క్యూఆర్ స్టిక్కరు, లోపల చిన్న బోర్డు పెట్టి వెళ్లారు. ఒక ఆదివారం సాయంత్రం ఒకాయన కూతుర్ని తీసుకొచ్చి 40 రూపాయలు స్కాన్ చేశాడు. మెషిన్ కదల్లేదు. పాప బటన్ నొక్కి నొక్కి ఏడ్చింది. మావాడు స్క్రీన్‌షాట్ అడిగాడు, ఆయన కేకలేసి వెళ్లిపోయాడు. నాలుగు నిమిషాల తర్వాత మెషిన్ తనంతట తాను వెలిగింది. ఆ మెసేజ్ నెట్‌లో ఎక్కడో ఆగి అప్పుడొచ్చింది. పక్కన నిలబడ్డ ఇంకెవరో పిల్లవాడు ఆ ఆట ఆడేశాడు. ఆ పాప ముఖం నాకిప్పటికీ గుర్తుంది. ఆ తండ్రి మళ్లీ మా షాపుకు రాలేదు.

ఆ రోజు నేర్చుకున్నదే నీకు చెప్తున్నాను. డబ్బు వచ్చినట్టు కబురు అందాక మెషిన్ “క్రెడిట్ (అంటే ఒక ఆట) తీసుకున్నాను” అని తిరిగి జవాబు చెప్పాలి. ముప్ఫై సెకన్లలో ఆ జవాబు రాకపోతే ఆ క్రెడిట్ రద్దయి, డబ్బు దానంతటదే వెనక్కి పోవాలి. ఆలస్యంగా వచ్చిన క్రెడిట్‌ను మెషిన్‌లో ఎప్పుడూ వెయ్యకూడదు. అలాగే డబ్బు వచ్చిందని కబురు పంపే పేమెంట్ గేట్‌వే ఒక్కోసారి ఒకే చెల్లింపు గురించి రెండుసార్లు కబురు పంపుతుంది. ప్రతి చెల్లింపుకూ పన్నెండు అంకెల యూటీఆర్ నంబరు ఉంటుంది, దాన్ని చూసి రెండోదాన్ని పక్కన పెట్టేలా రాయించు. అంటించిన స్టిక్కరు కన్నా తెరమీద ప్రతి ఆటకూ కొత్తగా వచ్చే క్యూఆర్ మంచిది. స్టిక్కరును ఫోటో తీసుకుని ఇంట్లోంచి కూడా కట్టొచ్చు, దాని మీద ఇంకెవడో తన స్టిక్కరు అంటించొచ్చు కూడా. సౌండ్‌బాక్స్ పలికింది గదా అనుకోకు. అది నీ చెవికి చెబుతుంది, మెషిన్‌కు చెప్పదు.

ఇంతా చెప్పి నా అభిప్రాయం ఏమిటంటే, పన్నెండు మెషిన్లున్న చోట ప్రతిదానికీ యూపీఐ పెట్టొద్దు. కార్డు పెట్టు. సూపర్‌మార్కెట్ బయట ఒంటరిగా ఉండే కిడ్డీ రైడ్‌కైతే క్యూఆర్ సరిపోతుంది. గేమ్ జోన్‌లో ఆడేది పిల్లలు, వాళ్ల చేతిలో ఫోన్ ఉండదు, ఉండకూడదు కూడా. తండ్రి కౌంటర్ దగ్గర ఒకసారి యూపీఐతో 500 వేయిస్తే, పిల్లవాడు కార్డు పట్టుకుని తిరుగుతాడు. బ్యాంకు సర్వర్ పని చెయ్యాల్సింది ఆ ఒక్కసారే. తర్వాత మెషిన్‌కు కార్డు తాకించే ప్రతి ట్యాప్ నీ షాపులోనే ఉన్న చిన్న సర్వర్‌తో, నీ లోపలి వైఫైతో నడుస్తుంది. నెట్ పోయినా ఆట ఆగదు. ఆ సర్వర్‌కూ, రౌటర్‌కూ యూపీఎస్ తప్పనిసరి, మన ఊళ్లో కరెంటు సంగతి నీకు తెలుసు.

కార్డులో డబ్బు రాయొద్దు, నంబరు ఒక్కటే ఉండాలి. ఎలక్ట్రానిక్స్ దొరికే ఎస్పీ రోడ్‌లో చవగ్గా అమ్మే తెల్లకార్డుల్లో చాలా మైఫేర్ క్లాసిక్ రకం, దాని తాళాన్ని 2008లోనే పరిశోధకులు పగలగొట్టేశారు. బ్యాలెన్స్ కార్డులో ఉంటే తెలిసినవాడు దాన్ని నింపుకుంటాడు. సర్వర్‌లో ఉంటే అలా నింపుకోలేడు, కార్డు పోయినా వెంటనే దాన్ని ఆపేస్తే డబ్బు పోదు.

మరొకటి, ఇది లెక్కకు సంబంధించింది కాదు, మనసుకు సంబంధించింది. కొందరు రూపాయలను పాయింట్లుగా మార్చి, ఆట ధరను ఎంత ఆడినా కార్డులో ఇంత మిగిలిపోయేలా పెడతారు. పైగా నెలకే గడువు. అలా చెయ్యకు నాయనా. ధర రూపాయల్లో రాయి, 500 వేస్తే పూర్తిగా ఖర్చయ్యేలా 25, 50 అని పెట్టు, గడువు కనీసం ఏడాది ఇవ్వు. ప్రతి ట్యాప్‌కీ మెషిన్‌కున్న కార్డు రీడర్ మీద మిగిలిన డబ్బు పెద్ద అక్షరాల్లో కనబడాలి, ఒక చప్పుడు రావాలి. పాత బిళ్ల చప్పుడు చేసిన పనే అది. మీ షాపులో మాత్రమే చెల్లే ఇలాంటి కార్డుకు రిజర్వ్ బ్యాంకు అనుమతి అక్కర్లేదు. కానీ బయటి షాపుల్లో కూడా చెల్లేలా చేద్దామని ఎవరైనా చెబితే ఒప్పుకోకు, అప్పుడు నిబంధనలు పూర్తిగా మారిపోతాయి.

వైరింగ్ నువ్వు దగ్గరుండి చూసుకో. ఏ రీడరైనా చేసేది కాయిన్ యాక్సెప్టర్ చేసే పనే. గేమ్ బోర్డుకు వెళ్లే కాయిన్ లైన్ వైరును క్షణం సేపు గ్రౌండ్‌కు తాకించి వదిలేస్తుంది. గేమ్ బోర్డు దాన్ని ఒక బిళ్లగా లెక్కపెట్టుకుంటుంది. ఆ క్షణం తాకిడిని, అంటే పల్స్‌ను, 50 మిల్లీసెకన్ల దగ్గర మొదలుపెట్టి మెషిన్‌ను బట్టి సరిచేసుకో. మరీ పొట్టిదైతే బోర్డు గమనించదు, మరీ పొడవైతే కాయిన్ ఇరుక్కుందని ఎర్రర్ చూపిస్తుంది. యాక్సెప్టర్‌కు 12 వోల్టులు, బోర్డు ఇన్‌పుట్‌కు చాలాసార్లు 5 వోల్టులే. మధ్యలో రెండు వైపులనూ కరెంటు కలవకుండా విడదీసే ఆప్టోకప్లర్ లేకుండా కలిపి, నా చేతులతోనే ఒక రేసింగ్ మెషిన్ బోర్డు కాల్చేశాను. అలాంటి బోర్డు మళ్లీ దొరకలేదు, ఆ మెషిన్ ఇప్పటికీ గోడౌన్‌లో ఉంది. ఎయిర్ హాకీ, బాస్కెట్‌బాల్ సులభం. టికెట్లు ఇచ్చే మెషిన్లకు టికెట్ లెక్కపెట్టే వైరు కూడా రీడర్‌లోకి తెచ్చుకుంటే కాగితం బదులు ఆ కార్డు ఖాతాలోనే టికెట్లు పడతాయి.

పాత కాయిన్ యాక్సెప్టర్లను పీకి పారెయ్యొద్దు, టోకెన్లకు సెట్ చేసి పక్కనే ఉంచు. 2025 ఏప్రిల్ 12, శనివారం, దేశమంతటా యూపీఐ మొరాయించింది. నా దగ్గర రెండు డబ్బాల టోకెన్లు ఉన్నాయి కాబట్టి ఆ రోజు ఏ పిల్లవాడూ ఆడకుండా వెనక్కి వెళ్లలేదు.

పన్ను సంగతి. 2025 జూలైలో బెంగళూరు చిన్న దుకాణాలవాళ్లకు యూపీఐ వసూళ్లు చూసి జీఎస్టీ నోటీసులు వచ్చాయి, చాలామంది “నో యూపీఐ” అని బోర్డులు పెట్టారు. ఆ భయం నీకొద్దు. మనది సేవ కిందికి వస్తుంది కాబట్టి ఏడాదికి 20 లక్షలు దాటితే రిజిస్ట్రేషన్ తప్పదు. పన్నెండు మెషిన్లంటే దాటుతావు. మొదటి రోజు నుంచే కరెంట్ అకౌంట్‌లో తీసుకో, బావ సేవింగ్స్ అకౌంట్‌కు క్యూఆర్ తియ్యొద్దు. ఆడిటర్‌ను షట్టర్ ఎత్తకముందే కలువు.

వచ్చే బుధవారం నా షాపు ఖాళీగా ఉంటుంది. నీకు సిస్టమ్ అమ్మేవాళ్లు చూపించిన రీడర్ ఒకటి శాంపిల్ అడిగి పట్టుకురా. క్లా మెషిన్‌కు తగిలించి, డబ్బు కట్టిన మరుక్షణం రౌటర్ వైరు పీకేసి చూద్దాం. 40 రూపాయలు వెనక్కి వస్తే కొనుక్కో. వచ్చేటప్పుడు అక్కను కూడా తీసుకురా, మీ అత్త రాగి సంగటి చేస్తానంటోంది.

మీ మామయ్య